నిషాదానికి ఆదివారం సెలవు

అమృతవరం ప్రభుత్వ సంగీత కళాశాలలో సప్తస్వరాల్లో ఒకటి తగ్గిపోవడానికి కారణం వయొలిన్ లెక్చరర్ మార్కండేయులు గారు. ఇది గిట్టనివాళ్ళు వేసిన నింద కాదు. ఆయనే చెప్పుకుంటారు. టీ కొట్టు దగ్గరా, బస్టాండులోనూ, చివరికి పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషితో కూడా, "సరిగమపదని అంటారు చూడండి, అందులో చివరిదాన్ని ఊడబీకింది నేనేనండి" అని పరిచయం చేసుకుంటారు. ఆ మనిషి పప్పు కలుపుకోవడం ఆపి ఒకసారి ఎగాదిగా చూసి, మళ్ళీ కలుపుకుంటాడు.

మార్కండేయులు గారు చెడ్డ మనిషి కాదు. వయొలిన్ కూడా ఒకప్పుడు మరీ చెడ్డగా వాయించేవారు కాదు. ఉద్యోగం వచ్చిన కొత్తలో రోజూ తెల్లారగట్ల లేచి సాధన చేసేవారు. ఉద్యోగం పర్మినెంటు అయ్యాక అది వారానికోసారి అయింది. పెళ్ళయ్యాక పండగలకి మాత్రమే అయింది. ఆ తర్వాత, పాఠం చెప్పడమే సాధన అనే ఒక హాయైన సిద్ధాంతం ఆయనకి దొరికింది. "పిల్లల చేత వాయింపించడం కన్నా పెద్ద సాధన ఏముంటుందండీ?" అని స్టాఫ్ రూములో అంటే ఎవరూ కాదనలేదు. అక్కడున్న అందరిదీ అదే సిద్ధాంతం.

ఇలా అందరూ సుఖంగా ఉన్న సమయంలో శాఖకి కొత్త సంచాలకులు వచ్చారు. ఆయన పేరు గుండాబత్తుల త్రివిక్రమరావు. ఉద్యోగ జీవితమంతా నీటిపారుదల శాఖలో గడిపి, అక్కడ ఏదో కాలవ విషయంలో మంత్రిగారికి కోపం తెప్పించి సంగీతంలోకి బదిలీ అయ్యారు. వస్తూనే ఆ ఏడాదిని 'సాధన సంవత్సరం'గా ప్రకటించి, తనిఖీకి మొదట అమృతవరమే వచ్చారు.

"నాకు సంగీతం తెలియదు," అని ఆయన ఉపోద్ఘాతంగా సెలవిచ్చారు. "తెలిసినవాడికి లోపాలు కనపడవు. అందుకే ప్రభుత్వం నన్ను పంపింది. ఏదీ, ఎవరైనా ఏదైనా వాయించండి."

ఒక కుర్రాడు లేచి ఫ్లూటు ఊదాడు. సంగీతం తెలియని సంచాలకులు గారికే లోపం కనపడేలా ఊదాడు.

"ఏం నాయనా, ఇంట్లో సాధన చెయ్యవా?"

"ఇంటి ఓనరు ఒప్పుకోడండి."

ఇంకో అమ్మాయిని అడిగితే చంటిపిల్ల లేస్తుందండి అంది. వీణ వాయించే ఆవిడ, మా అత్తగారికి సీరియల్ టైమండి అంది. నాదస్వరం విద్యార్థి మాత్రం తనకి ఏ అభ్యంతరమూ లేదని, అభ్యంతరమల్లా ఊరివాళ్ళకేననీ చెప్పాడు.

సంచాలకులు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అర్థమైంది. పాఠం అనే నీరు కళాశాల అనే రిజర్వాయరు నుంచి విడుదలవుతోంది. విద్యార్థి ఇల్లనే పొలానికి చేరకుండా మధ్యలోనే ఇంకిపోతోంది. కనుక ఇకపై సాధన యావత్తూ కళాశాల ఆవరణలోనే, సిబ్బంది పర్యవేక్షణలోనే జరగాలి. ఇంట్లో చేసే పర్యవేక్షణ లేని సాధన నిషిద్ధం."

మర్నాటి నుంచి హాల్లో సాధన మొదలైంది. వయొలిన్లు ఒక పాఠం, వీణలు ఇంకో పాఠం, ఫ్లూట్లు తోచిన పాఠం. వీటన్నిటి మీదుగా నాదస్వరాలు, అన్నిటి కిందుగా మృదంగాలు. పక్కనే సబ్ రిజిస్ట్రారు ఆఫీసు. అక్కడ ఒక పెద్దాయన తన పొలాన్ని చిన్నకొడుక్కి రాయబోయి, ఆ హోరులో రైటరు అడిగినదానికల్లా తలూపి, అల్లుడికి రాసేశాడు. చిన్నకొడుకు వచ్చి కళాశాల గేటు ముందు బైఠాయించాడు. వారం తిరిగేసరికి సంచాలకులు గారు మళ్ళీ రావలసి వచ్చింది.

సిబ్బంది సమావేశంలో అందరూ తలలు దించుకుని కూర్చున్నారు. ప్రిన్సిపాలు పుల్లాభొట్ల కామేశం గారు మృదంగం మనిషి. బల్ల మీద వేళ్ళతో నెమ్మదిగా ఆదితాళం వేసుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే మార్కండేయులు గారికి బుద్ధి వికసించింది. వైస్ ప్రిన్సిపాలు కుర్చీ చాలాకాలంగా ఖాళీగా ఉండటం కూడా ఆ వికాసానికి కొంత తోడ్పడింది.

"అయ్యా, అందరూ తలో స్వరం వాయించడం వల్లే ఈ గోల," అన్నారాయన లేచి నిలబడి. "ఒకరోజు అందరూ ఒకే స్వరం సాధన చేస్తే? స్వరాలు ఏడు. వారానికి రోజులూ ఏడే. సోమవారం షడ్జమం, మంగళవారం రిషభం, అలా..."

సంచాలకులు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయని తర్వాత ప్రిన్సిపాలు గారు చెప్పారు.

"వారబందీ!" అన్నారు. "కాలవ నీళ్ళు ఒక్కోరోజు ఒక్కో ఊరికి వదిలే వంతు పద్ధతి! నేను జీవితమంతా అమలు చేద్దామని చూస్తే ఒక్క రైతూ ఒప్పుకోలేదు. ఇక్కడ స్వరాలు తమంతట తామే ఏడున్నాయి. మార్కండేయులు గారూ, మీరు ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ?"

ఇక్కడే ఉన్నానని మార్కండేయులు గారు వినయంగా మనవి చేసుకున్నారు.

అలా 'స్వర వారబందీ' ఉత్తర్వు వచ్చింది. సాధన చేయని స్వరాన్ని బోధించరాదని, బోధించని స్వరాన్ని పరీక్షలో అడగరాదని అందులోనే ఉంది. సోమవారం పొద్దున కళాశాల మొత్తం ఏకకంఠంతో షడ్జమం అందుకుంది. చెప్పకపోవడమెందుకు, గొప్పగానే ఉంది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చేతులు జోడించారు. సంచాలకులు గారు మార్కండేయులు గారికి శాలువా కప్పారు. ఆయన దాన్ని ఎండలో కూడా తీయకుండా ఇంటిదాకా నడిచి వెళ్ళారు.

మంగళవారం రిషభం, బుధవారం గాంధారం. గురువారం మధ్యమం, శుక్రవారం పంచమం, శనివారం ధైవతం. ఆ రాత్రి మార్కండేయులు గారు హాయిగా నిద్రపోయారు. ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ, "ఇవాళ నిషాదం. సాధన ఎలా జరుగుతోందో చూసొస్తాను," అని చెప్పులు వేసుకున్నారు.

"ఇవాళ ఆదివారం కదండీ," అంది భార్య సుభద్రమ్మ.

ఆయన చెప్పుల్లో అలాగే నిలబడిపోయారు. సంగీతం నేర్చిన మనిషికి స్వరాలు ఏడని తెలుసు. ప్రభుత్వోద్యోగికి ఆదివారం సెలవని తెలుసు. సర్వీసంతా ఆదివారం అన్నదాన్ని ఒక్కసారి కూడా మరిచిపోని మనిషి, మరిచిపోక మరిచిపోక ఆ ఒక్క సమావేశంలో మరిచిపోయారు.

సోమవారం ఆయన ప్రిన్సిపాలు గారి గదిలోకి పిల్లిలా వెళ్ళి విషయం చెప్పారు.

"అయితే ఏమైందయ్యా?" అన్నారు కామేశం గారు. "మృదంగానికి నిషాదంతో పనేంటి? నా సర్వీసంతా అది లేకుండానే లాక్కొచ్చాను."

"మిగతావాళ్ళకి పనుంటుంది కదండీ. ఉత్తర్వులో పొరపాటు జరిగిందని రాద్దామండి."

"ఉత్తర్వులో పొరపాటు ఉండదు. పొరపాటు ఉంటే అది సలహా ఇచ్చినవాడిలో ఉంటుంది. సలహా ఎవరిచ్చారు?"

మార్కండేయులు గారు శాలువా సర్దుకున్నారు. అయినా చివరికి బతిమాలి, పొరపాటనే మాట రాకుండా, స్పష్టత కోరుతూ పై ఆఫీసుకి రాయించారు. జవాబు త్వరగానే వచ్చింది. 'వంతుల పద్ధతిలో చివరి భూములకు సరఫరా ఆలస్యం కావడం సహజం. నిషాదం విషయం పరిశీలనలో ఉన్నది. తేలేవరకు మిగిలిన స్వరాలతో సర్దుకొనగలరు.'

సర్దుకున్నారు. మన దేశంలో సర్దుకోలేనిదంటూ ఏమీ లేదు. కానీ ఆదివారంతో ఆగలేదు. రెండో శనివారం సెలవు గనక ధైవతం నెలకోసారి కుంటుపడింది. వినాయక చవితి సోమవారం వచ్చి షడ్జమాన్ని మింగేసింది. ఆ వారం రిషభం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో ఎవరికీ తెలియలేదు. మృదంగం రోజూ షడ్జమంలోనే మోగుతుందని ఎవరో కనిపెట్టి పై ఆఫీసుకి ఉప్పందించారు. మంగళవారం నుంచి శనివారం దాకా మృదంగాల మీద తువ్వాళ్ళు కప్పి వాయించాలని ఆదేశం వచ్చింది. కామేశం గారు తన సొంత మృదంగానికి తువ్వాలు చుడుతూ మార్కండేయులు గారి వంక చూసిన చూపుని, మార్కండేయులు గారు ఇప్పటికీ నటించి చూపిస్తారు.

వార్షికోత్సవానికి కల్యాణి రాగంలో ఒక కీర్తన ముందే నిర్ణయమైపోయింది. కల్యాణికి నిషాదం ప్రాణం. అది మార్చడానికి వీల్లేదు, ఆహ్వానాలు అచ్చయ్యాయి. నిషాదం వాయించడానికీ వీల్లేదు. అందుచేత అది వచ్చిన ప్రతిచోటా వయొలిన్ల వాళ్ళందరూ ఒక్కసారిగా కమాన్లు ఎత్తి, కాస్త ఆగి, మళ్ళీ దించేలా మార్కండేయులు గారే నేర్పించారు. వీణల వాళ్ళు చేతులు గాల్లో ఉంచేవారు. ఫ్లూటు వాళ్ళు ఊపిరి బిగబట్టేవారు. కీర్తన ఎక్కిళ్ళు పట్టిన మనిషి మాట్లాడినట్టు సాగింది. ముందు వరసలో సంచాలకులు గారు తలపంకించారు.

"వాయించినవి సరే. ఆ మౌనాలున్నాయి చూశారూ! ఎంత క్రమశిక్షణండీ!" అని మైకు అందుకుని మెచ్చుకున్నారు. మార్కండేయులు గారికి ఇంకో శాలువా వచ్చింది. ఈసారి దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని సందుదారిన ఇంటికి వెళ్ళారు.

ఆ మర్నాడే హైమవతి ఆయన దగ్గరకి వచ్చింది. హైమవతి డిప్లొమా ఆఖరి సంవత్సరం విద్యార్థిని. భర్త పోయాక పుట్టింట్లో ఉంటూ, కూతుర్ని చదివించుకుంటూ వయొలిన్ నేర్చుకుంటోంది. పక్క జిల్లాలో ఒక గురుకుల పాఠశాలలో సంగీతం టీచరు ఉద్యోగానికి ప్రకటన పడింది. దానికి డిప్లొమా ఉండాలి, అక్కడివాళ్ళ ముందు వాయించి మెప్పించాలి.

"కల్యాణి వాయించమంటారంట మాస్టారూ," అంది.

"మనం నిన్న వాయించాం కదమ్మా."

"మాస్టారూ, అక్కడ కమాను ఎత్తి కూర్చుంటే ఉద్యోగం ఇస్తారా?"

మార్కండేయులు గారు తన కమానుని పెట్టెలో పెట్టి మూత వేశారు.

"నాకు నిషాదం నేర్పండి మాస్టారూ. ఈ ఉద్యోగం వస్తే నేనూ నా పిల్లా మా వదిన ముందు చెయ్యి చాపక్కర్లేదు. క్వార్టర్సు కూడా ఇస్తారంట. మీకు తెలియంది కాదు."

ఆయనకి భయం వేసింది. ఇంట్లో సాధన నిషిద్ధం. నిషాదం మరీ నిషిద్ధం. దొరికితే ఆవిడ డిప్లొమా ఆపేస్తారు, తన ఇంక్రిమెంటు కోసేస్తారు. కానీ ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి ఉంది. ఆమె నోటి దగ్గర కూడు తీసేసింది ఎవరో ఆయనకి బాగా తెలుసు. పైగా, దొంగతనంగా స్వరం నేర్పే గురువు అన్న ఊహ ఆయనకి లోలోపల కాస్త నచ్చింది కూడా.

"ఆదివారం మా ఇంటికి రా. వెనకవేపు నుంచి రా," అన్నారు గొంతు తగ్గించి.

ఆదివారం వంటింట్లో కిటికీలన్నీ మూసి, ఇద్దరూ పీటల మీద కూర్చున్నారు. చప్పుడు బయటికి పోకుండా సుభద్రమ్మ మిక్సీలో పప్పు రుబ్బడం మొదలుపెట్టింది.

"పెళ్ళైనప్పటి నుంచీ ఈయన వయొలిన్ తీస్తే కిటికీలు నేనే మూసేదాన్ని తల్లీ," అంది హైమవతితో. "ఇప్పుడు గవర్నమెంటు మూయిస్తోంది. నాకు పని తగ్గింది."

మార్కండేయులు గారు ఆ మాట విననట్టు నటించి, పెట్టె తెరిచి, పట్టు కోసం కమానుకి రోజిన్ ముక్క రుద్ది, శ్రుతి చూసుకుని, "ఇదిగోనమ్మా, నిషాదం," అని వాయించారు.

మిక్సీ ఆగింది. సుభద్రమ్మ తిరిగి చూసింది.

"చెయ్యి చల్లబడింది," అన్నారాయన. మళ్ళీ వాయించారు. వేలు కొంచెం పైకి జరిపారు, కిందికి జరిపారు. క్లాసులో అయితే విద్యార్థి వాయిస్తాడు, తను కళ్ళు మూసుకుని తలూపుతారు. తప్పొస్తే కళ్ళు తెరుస్తారు. తనే వాయిస్తూ తనే కళ్ళు తెరవాల్సిన అవసరం చాలా ఏళ్ళుగా రాలేదు.

"నువ్వు వాయించు, నేను చెబుతాను," అన్నారు చివరికి, తెలిసిన దారిలోకి వచ్చేస్తూ.

చెప్పడంలో మాత్రం ఆయన దిట్ట. ఇంకా పైకి, ఇంకా, ఆ, వచ్చినట్టే వచ్చి జారిపోయింది, మళ్ళీ, అంటూ చెప్పించారు. హైమవతి విసుగు లేకుండా వాయించింది. ఒక ఆదివారం, ఇంకో ఆదివారం. సుభద్రమ్మ రుబ్బిన పిండితో ఇంట్లో రోజూ గారెలే. కొన్ని వారాలకి ఒక పూట హైమవతి వేలు సరిగ్గా చోటు పట్టుకుంది. ఆ స్వరం వంటింట్లో నిలబడిపోయింది. మార్కండేయులు గారికి ఒళ్ళు గగుర్పొడిచింది. ఆనందంలో, "కిటికీ తెరువు సుభద్రా, గాలాడటం లేదు!" అన్నారు.

ఆ కిటికీకి ఎదురింట్లో ఉండేది రిటైరైన తహసీల్దారు. చేయడానికి పనేమీ లేక ఆయన పదవీ విరమణ నుంచీ కిటికీ దగ్గరే కూర్చుని ఉన్నారు.

బుధవారానికల్లా విచారణకి సంచాలకులు గారే స్వయంగా దిగారు. ప్రిన్సిపాలు గదిలో ఆయన, కామేశం గారు, నిపుణురాలిగా పొరుగూరి నుంచి పిలిపించిన వీణ విదుషి వైదేహమ్మ గారు కూర్చున్నారు. వైదేహమ్మ గారికి అపస్వరం వింటే పన్ను సలిపినట్టు మొహం ముడుచుకుంటుందని పేరు. హైమవతిని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. తలుపు తెరిచే ఉంది. మరుసటి వారమే ఆవిడ గురుకులంలో వాయించాలి.

"ఆదివారం నాడు మీ గృహము నుండి నిషాదమును పోలిన ధ్వని వెలువడినట్లు ఫిర్యాదు అందింది," అన్నారు సంచాలకులు గారు. "తూము తాళం పగలగొట్టి రాత్రికి రాత్రి నీళ్ళు మళ్ళించుకున్నంత నేరం ఇది. ఆ ధ్వని ఎవరిది?"

"నాదేనండి," అన్నారు మార్కండేయులు గారు.

"ఆ అమ్మాయిది కాదా?"

"కాదండి. ఆవిడ మా ఆవిడ దగ్గర గారెలు నేర్చుకోవడానికి వస్తుందండి. వాయించింది నేనే."

ఈ మాట అన్నాక ఆయన ఛాతీ కొద్దిగా పొంగింది. శిష్యురాలి కోసం నిందని నెత్తిన వేసుకుంటున్న గురువు! ఇంక్రిమెంటు పోతే పోయింది. ఊళ్ళో ఈ సంగతి ఎలా చెప్పుకుంటారో కూడా ఆయన మనసులో అప్పుడే తయారైపోతోంది.

"అయితే అదే ధ్వనిని మా సమక్షంలో మరల వెలువరించండి. నిపుణుల వారు ధ్రువీకరిస్తారు."

శ్రుతిపెట్టె పెట్టారు. మార్కండేయులు గారు కళ్ళు మూసుకుని, ప్రాణమంతా వేలి కొనకి తెచ్చుకుని, నిషాదం వాయించారు. ఉద్యోగం పర్మినెంటు అయ్యాక అంత మనసుపెట్టి ఎప్పుడూ వాయించలేదు.

కళ్ళు తెరిచేసరికి వైదేహమ్మ గారు దవడ పట్టుకుని ఉన్నారు.

"ఇది నిషాదం కాదండి," అన్నారావిడ.

"ఏమిటీ?"

"ధైవతం దాటింది. నిషాదం దాకా రాలేదు. దారిలో ఎక్కడో దిగిపోయింది."

"మరొక్కసారి వాయిస్తానండి," అన్నారు మార్కండేయులు గారు. వాయించారు.

"ఈసారి దాటిపోయింది," అన్నారు వైదేహమ్మ గారు.

సంచాలకులు గారి మొహం విప్పారింది. ఫిర్యాదు పైకి వెళితే తన వారబందీలో గండి పడినట్టు లెక్క. "అంటే నిషాదం వాయించలేదు. ఒక లెక్చరర్ తన ఇంట్లో నిషాదం కానిదాన్ని వాయించడం మీద మన ఉత్తర్వుల్లో ఎక్కడా నిషేధం లేదు. నేరమే జరగలేదు. అంతే కదండీ ప్రిన్సిపాలు గారూ?"

"అంతేనండి," అన్నారు కామేశం గారు. ఆయన బల్ల మీద తాళం వేస్తున్న వేళ్ళు సంతోషంతో రెండో కాలం అందుకున్నాయి.

ఇక్కడితో ఊరుకోవలసింది. కానీ మార్కండేయులు గారికి రోషం పొడుచుకొచ్చింది.

"అదేమిటండీ! నేను వయొలిన్ లెక్చరర్నండీ. నేను వాయించింది నిషాదమేనండీ. నేరం చేశానండీ నేను!"

"చేయలేదండీ."

"చేశానంటుంటే!"

సంచాలకులు గారు నుదురు రుద్దుకున్నారు. "వివాదం ఎందుకు? ఆ అమ్మాయిని పిలుద్దాం. ఆమె చేత కూడా నిషాదం వాయింపిద్దాం. ఆమె వాయించిందీ మీరు వాయించిందీ పోల్చి చూస్తే నిజం నిగ్గు తేలుతుంది."

వరండాలో హైమవతి లేచి నిలబడటం మార్కండేయులు గారికి కనిపించింది. వాయిస్తే ఆవిడ సరిగ్గానే వాయిస్తుంది. తప్పు వాయించడం ఆవిడకి చేతకాదు. చేతకాకుండా నేర్పింది తనే. వైదేహమ్మ గారి మొహం విచ్చుకుంటుంది. డిప్లొమా పోతుంది. ఉద్యోగం పోతుంది. వదిన ముందు మళ్ళీ ఆ చెయ్యి చాపడం.

ఇంక్రిమెంటు పోగొట్టుకోవడానికి సిద్ధపడినంత సులువుగా ఈ మాట రాలేదు.

"అక్కర్లేదండి," అన్నారు. "నేను వాయించింది నిషాదం కాదండి."

"రూఢిగా చెప్పండి."

"కాదండి. నాకు నిషాదం రాదండి."

కామేశం గారు తాళం వేయడం ఆపారు. వైదేహమ్మ గారు మాత్రం మంచినీళ్ళ గ్లాసు ఆయన వైపు జరిపారు.

సంచాలకులు గారు తీర్పు చెప్పారు. "ఫిర్యాదు నిరాధారం. అయితే బోధనా సిబ్బందిలో ఒకరికి ఒక స్వరం రాదని విచారణలో వెల్లడైంది. చివరి భూమికి నీరు అందలేదంటే కాలవలో పూడిక ఉన్నట్టు. పూడిక తీయాలి. ఇకపై ప్రతి ఆదివారం కళాశాల తెరిచి, మార్కండేయులు గారి చేత నిషాదం వాయింపించవలసింది."

"ఆదివారం సెలవు కదండీ. సాధన ఎలా కుదురుతుంది?" అన్నారు కామేశం గారు.

"ఇది సాధన కాదు, మరమ్మతు. మరమ్మతులు సెలవు రోజుల్లోనే చేస్తాం."

బయటికి రాగానే హైమవతి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు.

"నా కోసం కావాలని అపస్వరం వాయించారు మాస్టారూ. అంతమంది ముందు రాదని ఒప్పుకున్నారు. ఏ గురువు చేస్తాడు ఇలాగ?"

మార్కండేయులు గారు "లేమ్మా, లే," అని మాత్రం అన్నారు.

ఆ మాట హైమవతి, కళాశాల గేటు లోపల తప్ప, ఊరంతా చెప్పింది. టీ కొట్టువాడు డబ్బులు తీసుకోలేదు. సుభద్రమ్మ ఒక్కతే ఆయన్ని కాసేపు చూసి, "కాఫీ ఇమ్మంటారా?" అంది. తన గొప్పతనం గురించి అందరూ చెప్పుకుంటుంటే, జీవితంలో మొదటిసారి మార్కండేయులు గారికి వినాలనిపించలేదు.

ఆదివారాలు కళాశాల గేటు తీసి, ఖాళీ హాల్లో ఒక్కరే కూర్చుని మరమ్మతు మొదలుపెట్టారు. మొదట్లో ఎవరైనా వింటున్నారేమోనని తలుపు మూసుకునేవారు. వినేవాళ్ళెవరూ లేరని తెలిశాక కష్టం ఇంకా పెరిగింది. తలూపడానికి ఎదురుగా విద్యార్థి లేడు. తప్పు ఎవరి మీదకీ తోయడానికి లేదు. వేలు పెట్టడం, వినడం, మొహం చిట్లించుకోవడం, మళ్ళీ పెట్టడం. కాలేజీలో చేరే పిల్లలకి తను ఏటా ఇచ్చే ఉపన్యాసం ఒకటుంది, సాధన గొప్పతనం మీద. అది గుర్తొచ్చినప్పుడల్లా చెవులు ఎర్రబడేవి.

అలాంటి ఒక ఆదివారం హైమవతి మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చింది. గురుకులంలో ఉద్యోగం వచ్చింది. మర్నాడే కూతురుతో సహా ప్రయాణం. హాలు మెట్ల దగ్గరే లోపలి నుంచి వయొలిన్ వినిపిస్తే హైమవతి ఆగిపోయింది. చాలాసేపు ఆగింది. ఆయన వాయిస్తున్నారు, తప్పుతున్నారు, మళ్ళీ వాయిస్తున్నారు, మళ్ళీ తప్పుతున్నారు. ఇక్కడ విచారణ లేదు, సంచాలకులు గారు లేరు, కావాలని తప్పు వాయించాల్సిన పనేమీ లేదు.

ఆవిడ లోపలికి వచ్చి నిలబడింది. మార్కండేయులు గారు కమాను దించారు. ఆవిడ ఎంతసేపటి నుంచి వింటోందో మొహం చూస్తేనే తెలిసింది.

"కావాలని వాయించారనుకున్నాను మాస్టారూ," అంది హైమవతి నెమ్మదిగా.

"నేను కూడా అలాగే అనుకుందామని చాలా ప్రయత్నించానమ్మా," అన్నారు మార్కండేయులు గారు. "కుదర్లేదు."

హైమవతి నవ్వలేదు. మిఠాయి పొట్లం కిటికీలో పెట్టి, భుజానికున్న పెట్టె దించి, తన వయొలిన్ తీసి శ్రుతి చూసుకుంది. ఆయన ఎదురుగా చాప మీద కూర్చుంది.

"నేను నిషాదం పట్టుకుంటాను. మీరు వచ్చి కలపండి."

ఆవిడ పట్టుకుంది. ఆయన దాని చుట్టూ తిరిగారు. కిందనుంచి వచ్చారు, దాటిపోయారు, వెనక్కి వచ్చారు. "ఇంకొంచెం పైకి మాస్టారూ," అంది ఆవిడ, అచ్చం ఆయన గొంతుతోనే. "ఆ, వచ్చినట్టే వచ్చి జారిపోయింది. మళ్ళీ." ఎండ కిటికీ దాటి హాలు మధ్యకి వచ్చింది. ఉన్నట్టుండి రెండు వయొలిన్లూ ఒకటే అయిపోయాయి. ఏది ఎవరిదో తెలియలేదు.

మార్కండేయులు గారు చటుక్కున కమాను ఎత్తేశారు.

"ఎందుకు ఆపేశారు మాస్టారూ? అదే కదా!"

"మళ్ళీ వాయిస్తే పోతుందేమోనమ్మా."

"పోతుంది," అంది హైమవతి. "మళ్ళీ వాయించండి."

ఆయన మళ్ళీ వాయించారు. పోయింది. మళ్ళీ వాయించారు.